డిస్లెక్సియా ఉన్న పిల్లలకు రీడింగ్ ప్రోగ్రామ్ ఎంచుకోవడం ఎలా?

డిస్లెక్సియా అంటే తెలివితో సంబంధం లేకుండా మాటలు చదవడం, స్పెల్లింగ్ రాయడం కష్టమయ్యే ఇబ్బంది. అలాంటి పిల్లలకు చదవడం నేర్పడానికి "ఏ ప్రోగ్రామ్ మంచిది?" అని తల్లిదండ్రులూ టీచర్లూ పదేపదే అడుగుతుంటారు. ఒక పేరు చెప్పి ఊరుకుంటే సరిపోయే ప్రశ్న కాదిది. ఒకే ప్రోగ్రామ్ ఒక బిడ్డకు అచ్చొస్తుంది, పక్క బిడ్డకు ఏడాది వృథా చేస్తుంది. తప్పు చాలాసార్లు ప్రోగ్రామ్‌ది కాదు, మొదలుపెట్టిన పాఠానిది. కొనే ముందు మూడు సంగతులు తేల్చుకోండి: చదువు ఎక్కడ తెగిపోతోంది, వారానికి ఎన్ని రోజులు ఎవరు కూర్చుంటారు, ఏ పాఠం నుంచి మొదలుపెట్టాలి. పేరు నాలుగోది.

పద్ధతి ప్రకారం నేర్పే ప్రోగ్రామ్ అంటే ఏమిటో ముందు ఒక్క మాటలో చూద్దాం. అక్షరానికీ శబ్దానికీ ఉన్న లంకెను పిల్లల ఊహకు వదలదు, నేరుగా చెబుతుంది. తేలిక నుంచి కష్టానికి ఒక వరుసలో వెళుతుంది. పాతది ప్రతి కొత్త పాఠంలోనూ మళ్లీ తడుముతుంది. రాకపోతే ముందుకు కదలదు. ఈ నాలుగూ లేనిదాన్ని అట్టమీద ఏం రాసి ఉన్నా ఈ కోవలో లెక్కవేయకండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పరీక్ష చేయించిన రిపోర్టు ఉంటే అది. చివరి పేజీలోని "డిస్లెక్సియా" అన్న ఒక్క మాట కాదు, లోపలి విడివిడి స్కోర్లు కావాలి.
- చూపు, వినికిడి పరీక్షల ఫలితాలు. ఇవి చేయించకపోతే ముందు చేయించండి. వినికిడి కాస్త తగ్గినా దగ్గరి శబ్దాల తేడా అందకపోవచ్చు. దాన్ని ఏ ప్రోగ్రామూ సరిచేయలేదు.
- బిడ్డ ఒక నిమిషం పైకి చదివిన ఫోన్ రికార్డింగ్.
- డిక్టేషన్ చెప్పి రాయించిన 20 మాటలు. దిద్దకండి, తప్పులు అలాగే ఉండాలి. మనకు పనికొచ్చేవి ఆ తప్పులే.
- ఒక నోటుబుక్, స్టాప్‌వాచ్, వచ్చే మూడు నెలల టైంటేబుల్.

రిపోర్టు లేదని ఆగిపోనక్కర్లేదు. కింది పరీక్షలతో ప్రోగ్రామ్ ఎంచుకోవచ్చు. డిస్లెక్సియా ఉందని నిర్ధారించడానికి మాత్రం ఇవి చాలవు.

1. చదువు ఎక్కడ తెగుతోందో పట్టుకోండి

రెండు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు చాలు. బిడ్డ అలసిపోయి ఉన్న సాయంత్రం పెట్టకండి. పరీక్ష అని చెప్పకండి. తప్పు చెప్పినా ముఖంలో ఏమీ కనపడనివ్వకండి.

మొదట చెవి. పుస్తకం మూసేసి నోటితోనే అడగండి. ఇంగ్లీషుకైతే "స్లిప్ అనే మాటలో 'ల్' తీసేస్తే ఏం మిగులుతుంది?" అనండి. "సిప్" అని రావాలి. "షిప్‌లో ఎన్ని శబ్దాలు?" అంటే మూడు: ష్, ఇ, ప్. నాలుగు అన్నారంటే అక్షరాలు లెక్కపెడుతున్నారు, శబ్దాలు వినడం లేదు. ఇలాంటివి పది అడగండి. సగానికి పైగా తప్పితే, మాటను శబ్దాలుగా విడదీసే సాధన మొదటి పాఠం నుంచీ ఉన్న ప్రోగ్రామే మీకు కావాలి.

తర్వాత అక్షరాలు. వరుసలో కాదు, కలగాపులగంగా కార్డుల మీద చూపించండి. అక్షరం పేరు కాదు, అది చేసే శబ్దం చెప్పాలి. తప్పు చెప్పినవి ఎలాగూ రాసుకుంటారు. మూడు సెకన్లు దాటి చెప్పినవి కూడా రాసుకోండి. సరిగ్గానే చెప్పినా ఆలస్యమైతే, చదివేటప్పుడు అది తెలియనిదాని కిందే లెక్క.

మూడోది అర్థంలేని మాటలు. విబ్, లోజ్, బ్లిమ్, ష్రెప్ లాంటివి పది ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చదివించండి. చాలామంది వదిలేసే పరీక్ష ఇదే, అసలు గుట్టు తెలిసేదీ ఇక్కడే. తెలిసిన మాటలను బిడ్డ బొమ్మలా గుర్తుపెట్టుకుని గడగడా చదివేయవచ్చు. "విబ్" ముందు ఆ ఎత్తు పారదు. "వెబ్" అనో "విల్" అనో ఊహించేసిందంటే, అక్షరాల్లోంచి మాటను కూడదీసుకోవడం రాలేదన్నమాట.

నాలుగోది నిమిషం చదువు. బిడ్డ తరగతి పాఠంలో ఇంతకుముందు చదవని భాగం తీసుకోండి. నిమిషంలో 62 మాటలు చదివి 9 తప్పులు చేస్తే, సరైనవి 53. కచ్చితత్వం 53ను 62తో భాగిస్తే సుమారు 85 శాతం. 95కు పైన ఉంటే ఆ పాఠం తనంతట తాను చదువుకోగలదు. 90 కంటే తక్కువైతే ఆ పుస్తకం బిడ్డకు ఇప్పుడు మోయలేని బరువు.

చివరిది వినికిడి అవగాహన. అదే స్థాయి పాఠాన్ని మీరు చదివి వినిపించి ఐదు ప్రశ్నలు వేయండి.

ఈ ఐదింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. చదవడం రెండు పనుల గుణకారం, కూడిక కాదు: అక్షరాల్లోంచి మాటను తీయడం, భాష అర్థం చేసుకోవడం. గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో చెప్పిన ఈ సూత్రం ఇంటి లెక్కకూ పనికొస్తుంది. వింటే అంతా అర్థమై, చదివితే అర్థం కాకపోతే లోపం మొదటి పనిలో ఉంది. ఈ వ్యాసంలో చెప్పే ప్రోగ్రాములు సరిపోతాయి. విన్నా అర్థం కావడం లేదంటే భాష, పదసంపద మీద వేరే పని కూడా పక్కనే నడవాలి. ఎంత మంచి ఫోనిక్స్ (అక్షరానికీ శబ్దానికీ లంకె నేర్పే) ప్రోగ్రామైనా ఆ సగాన్ని నింపలేదు. రెండూ బాగుండి వేగం ఒక్కటే లేకపోతే మొదటి పాఠం నుంచి మొదలుపెట్టే భారీ సెట్ కొనడం దండగ.

2. మీ దగ్గరున్న టైం లెక్కవేయండి

ప్రోగ్రామ్ చూడకముందే ఈ లెక్క చేయండి. ఎవరు నేర్పుతారు, వారానికి ఎన్ని రోజులు, ఒక్కో రోజు ఎంతసేపు అని రాసుకోండి. వెనకబడిన బిడ్డకు వారానికి నాలుగైదు రోజులు, రోజుకు 30 నుంచి 60 నిమిషాలు ఇవ్వగలిగితే ఫలితం కనపడే అవకాశం బాగుంటుంది. ఒక్కరికీ నేర్పవచ్చు, ముగ్గురు నలుగురి గుంపుకూ నేర్పవచ్చు. గుంపులో అందరూ ఒకే పాఠం దగ్గర ఉండాలి. ఒకే తరగతి వాళ్లు కావడం ముఖ్యం కాదు.

ఆదివారం ఒక్కరోజు మూడు గంటలు కూర్చోబెట్టడం, వారానికి ఐదు రోజులు అరగంట కూర్చోవడం ఒకటి కాదు. ఆరు రోజుల ఎడంలో నేర్చినది జారిపోతుంది. వారానికి రెండు రోజులకు మించి కుదరదంటే, రోజూ గంట అడిగే ప్రోగ్రామ్ తీసుకుని సగం పాఠాలు ఎగరేయకండి. చిన్న పాఠాలున్నది తీసుకుని, మధ్య రోజుల్లో పది నిమిషాల కార్డుల సాధన పెట్టుకోండి.

నేర్పేది మీరే అయితే, టీచరు చెప్పాల్సిన మాటలు కూడా అచ్చులో ఇచ్చే ప్రోగ్రామ్ చూసుకోండి. శిక్షణ పొందిన ట్యూటర్ ఉంటే అంత కట్టుదిట్టమైనది అక్కర్లేదు.

3. పేర్ల జాబితా, వడపోత

ఈ రంగంలో తరచూ వినపడేది ఆర్టన్-గిల్లింగ్‌హామ్. అది ఒక పెట్టెలో దొరికే ప్రోగ్రామ్ కాదు, ఒక పద్ధతి. డాక్టర్ శామ్యూల్ ఆర్టన్, విద్యావేత్త ఆనా గిల్లింగ్‌హామ్ కలిసి 1930ల్లో రూపుదిద్దారు. దాని మీద ఆధారపడి పుట్టినవి చాలా ఉన్నాయి. 1988లో వచ్చిన విల్సన్ రీడింగ్ సిస్టమ్‌లో 12 మెట్లుంటాయి, రెండో తరగతి నుంచి పెద్దవాళ్ల దాకా ఉద్దేశించింది. బార్టన్ సిస్టమ్‌లో 10 స్థాయిలుంటాయి, తల్లిదండ్రులు కూడా నేర్పగలిగేలా రాశారు. అందులో చేరేముందు బిడ్డకు శబ్దాల తేడా తెలుస్తోందా లేదా అని ఒక చిన్న పరీక్ష పెడతారు. అందులో తప్పితే ముందు వేరే సాధన చేసి రమ్మంటారు. అలా "ఇప్పుడే కాదు" అని చెప్పగలిగే ప్రోగ్రామ్ మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

పేరులో "ఆర్టన్-గిల్లింగ్‌హామ్ ఆధారిత" అని ఉండటం దానంతట అది హామీ కాదు. 2021లో ఈ రకం ప్రోగ్రాముల మీది అధ్యయనాలన్నీ కలిపి చూసిన విశ్లేషణలో సగటు ఫలితం మంచివైపే ఉన్నా, గణాంకపరంగా తేల్చి చెప్పగలిగేంత బలంగా రాలేదు. పద్ధతి పనికిరాదని దీనర్థం కాదు. లేబుల్ చూసి కాక లోపలి పాఠాలు చూసి కొనాలి.

అమ్మేవాళ్లను మొదట పాఠాల క్రమపట్టిక అడగండి. ఏ శబ్దం తర్వాత ఏది, ఏ పాఠంలో, అని మొత్తం ఒక జాబితా. "అది మా రహస్యం" అన్నా, "బిడ్డను బట్టి అప్పటికప్పుడు చూసుకుంటాం" అన్నా జాబితాలోంచి కొట్టేయండి. పట్టిక చేతికొస్తే ఇవి వెతకండి:

- ఒకదాన్ని పోలిన మరొకటి పక్కపక్కన నేర్పుతున్నారా? ఇంగ్లీషు చిన్న బి, డి లను ఒకే వారంలో నేర్పే ప్రోగ్రామ్ డిస్లెక్సియా తెలిసినవాళ్లు రాసింది కాదు. ఒకటి గట్టిపడ్డాకే రెండోది రావాలి.
- చదవడంతోపాటు స్పెల్లింగ్ అదే పాఠంలో ఉందా? నేర్చిన శబ్దాన్ని అదే రోజు రాయించకపోతే సగం పని మిగిలిపోయినట్టే.
- ఒక మాటను ముక్కలు చేయడం, ముందూ వెనకా చేరే ప్రత్యయాలు పై స్థాయిల్లో ఉన్నాయా? చిన్న మాటల దగ్గరే ఆగిపోతే పై తరగతుల్లో బిడ్డ మళ్లీ అక్కడే చిక్కుకుంటుంది.

ఇక కింది మాటలు వినపడితే లేచి వచ్చేయండి: "బొమ్మ చూసి ఊహించమంటాం", "మొదటి అక్షరం చూసి మిగతాది తట్టేలా చేస్తాం", "నలభై రోజుల్లో డిస్లెక్సియా పోతుంది". డిస్లెక్సియా పోదు. చదవడం వస్తుంది. ఊహించడం ఈ పిల్లలకు ముందే అలవాటు, దాన్ని మాన్పించడానికే మనం డబ్బు పెడుతున్నది.

రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలు అమ్మేవాళ్లు కూడా ఈ దారిలోనే ఎదురవుతారు. అమెరికా పిల్లల డాక్టర్ల, కంటి డాక్టర్ల సంఘాలు 2009లోనే కలిసి ప్రకటన చేశాయి: చదువు ఇబ్బందులకు వీటిని వాడమనడానికి ఆధారం లేదని. అక్షరాల మధ్య, వరుసల మధ్య ఎడం పెంచి, పెద్ద అక్షరాలతో అచ్చు వేసుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది. దానికి ఖర్చేమీ లేదు.

4. ఒక పాఠం తెరిచి చూడండి

నమూనాగా ఇచ్చే మొదటి పాఠం వద్దు, అది ఎవరిదైనా బాగుంటుంది. మధ్యలోంచి, 15వదో 20వదో అడగండి. ముప్పావుగంట పాఠం సుమారుగా ఇలా నడవాలి: పాత శబ్దాల కార్డులు ఐదు నిమిషాలు, నోటితో శబ్దాల సాధన ఐదు, కొత్త సంగతి ఒకే ఒక్కటి పది, విడి మాటలు చదవడం ఏడెనిమిది, డిక్టేషన్ పది, మిగిలిన టైం వాక్యాలు, కథ. ఒకే పాఠంలో మూడు కొత్త సంగతులుంటే వేగం ఎక్కువైనట్టు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఆ పాఠంలో బిడ్డ చదవాల్సిన కథలోంచి వంద మాటలు లెక్కపెట్టండి. పట్టికలో అప్పటిదాకా నేర్పిన శబ్దాలతోనే చదవగలిగినవి ఎన్ని ఉన్నాయో పెన్సిల్‌తో గీత గీయండి. ఇలా నేర్చినవాటితోనే రాసిన పుస్తకాలను డీకోడబుల్ పుస్తకాలంటారు. మొదటి దశలో ఎనభైకి తగ్గితే ఆ కథ పిల్లలను ఊహించమనే చెబుతోంది. ప్రోగ్రామ్ మిగతాదంతా బాగుంటే వదులుకోనక్కర్లేదు. కథల పుస్తకాలు మాత్రం వేరే సెట్ నుంచి తెచ్చుకుని మీ పట్టికతో సరిచూసుకోండి.

ఇసుకలో రాయడం, గాలిలో రాయడం లాంటివి ఉన్నాయా అని చాలామంది మొదట అడుగుతారు. ఉంటే మంచిదే. చేయి అక్షరం రాస్తున్న క్షణంలోనే నోరు ఆ శబ్దం పలకాలి, పట్టుకోవాల్సింది అదొక్కటే. నోరు మూసుకుని ఇసుకలో గీస్తే అది ఆట.

5. మొదలుపెట్టే పాఠం తేల్చుకోండి

ఎక్కువ ప్రోగ్రాములు పాడయ్యేది ఇక్కడే. "అయిదో తరగతి కదా, చిన్నపిల్లల పాఠాలెందుకు" అని మూడో స్థాయిలో మొదలుపెడతారు. రెండు నెలలు బాగానే నడిచినట్టుంటుంది, తర్వాత అంతా ఒక్కసారి కూలుతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. ప్రోగ్రామ్‌తో వచ్చే ప్లేస్‌మెంట్ పరీక్ష (ఏ పాఠం నుంచి మొదలుపెట్టాలో తేల్చేది) తప్పకుండా పెట్టండి. రెండు పాఠాల మధ్య సందేహం వస్తే కిందిదే తీసుకోండి. వచ్చినవైతే రోజుకు రెండు పాఠాల చొప్పున దాటేస్తారు, నష్టం లేదు.

పాఠం దాటడానికి గీటు ఏమిటో కూడా చూడండి. పాఠంలో లేని కొత్త మాటలు పదింటిలో కనీసం తొమ్మిది, రెండు వేర్వేరు రోజుల్లో, తడుముకోకుండా రావాలి. "పాఠంలో లేని" అన్నది ముఖ్యం. పాఠంలోని మాటలే పెడితే జ్ఞాపకశక్తికి మార్కులు వేసినట్టు. అర్థంలేని మాటలు రెండు మూడు కలపండి.

పెద్ద పిల్లలైతే బొమ్మల పుస్తకాలు చూడగానే మొహం మాడ్చుకుంటారు. బొమ్మలు, కార్టూన్లు లేని, వయసుకు తగ్గ వాక్యాలున్న ప్రోగ్రామ్ వాళ్లకు వెతకాలి.

చదివే భాష తెలుగైతే

ఇంగ్లీషు ప్రోగ్రామ్‌ను తెలుగులోకి మార్చి వాడకండి. ఇంగ్లీషులో సుమారు 44 శబ్దాలకు 26 అక్షరాలు, ఒక్కో శబ్దానికి పలు స్పెల్లింగులు. అక్కడి పాఠాలన్నీ ఆ చిక్కు విప్పడానికే. తెలుగులో రాసినట్టే చదువుతాం. చిక్కు వేరే చోట ఉంది: నేర్చుకోవాల్సిన గుర్తుల సంఖ్య, గుణింతం, వత్తులు. అందుకే తెలుగు చదివే డిస్లెక్సియా పిల్లల్లో తప్పులకన్నా నత్తనడక ఎక్కువగా కనపడుతుంది. తప్పులు లేవు కదా అని పెద్దవాళ్లు గుర్తించరు.

వరుస ఇలా వేసుకోండి. ముందు గుణింతం లేని అక్షరాలు ఐదారు, వాటితో ఏర్పడే మాటలు. తర్వాత ఒక్కో గుణింతపు గుర్తు విడిగా, నేర్చిన అక్షరాలన్నింటికీ తగిలించి. పన్నెండు గుణింతాలు ఒక్కరోజు వల్లెవేయిస్తే పాట వస్తుంది, చదవడం రాదు. "కి"లో ఇ తీసి ఉ పెడితే ఏమవుతుందని నోటితో అడగండి. మ-య, ప-ష, ద-ధ-థ జంటలకు మధ్య కనీసం రెండు మూడు వారాల ఎడం ఇవ్వండి. దీర్ఘాలు, కొ-కో లాంటి తేడాలు డిక్టేషన్‌లోనే బయటపడతాయి. వత్తులు చివర్లో: ముందు అదే హల్లు కింద వత్తు (అక్క, అమ్మ), తర్వాత వేరే హల్లు (పద్మ), ఆఖరున రెండు వత్తులు (స్త్రీ). అర్థంలేని మాటలు గుతెమి, నెరీబు, మిస్కొల లాంటివి మీరే తయారుచేసుకోవచ్చు.

రెండు భాషలూ ఒకేసారి మొదటినుంచి మొదలుపెట్టే బిడ్డకు ఒకదాన్ని నాలుగైదు వారాలు ముందు నడపండి. అక్షరం శబ్దానికి గుర్తు అన్న సంగతి ఒక భాషలో తలకెక్కితే రెండోదాంట్లో పని తగ్గుతుంది.

6. ఎనిమిది వారాలు కొలవండి

మొదటిరోజు కొలత లేకుండా మొదలుపెట్టకండి. తర్వాత పెరిగిందో లేదో చెప్పడానికి ఏమీ మిగలదు.

ఏం కొలవాలన్నది బిడ్డ స్థాయిని బట్టి. ఇంకా చిన్న మాటల దగ్గరే ఉన్న బిడ్డకు తరగతి పాఠం పెట్టి వేగం కొలిస్తే రెండు నెలలైనా గీత కదలదు, అందరూ నీరసపడతారు. ఆ దశలో నేర్చిన శబ్దాలతో కొత్త మాటలు ఇరవై రాసి, నిమిషంలో ఎన్ని సరిగ్గా చదివిందో చూడండి. వాక్యాలు చదువుతున్న బిడ్డకు వారానికోసారి, ఒకే స్థాయి కొత్త పేరాతో, నిమిషం పరీక్ష. ఒకే పేరా మళ్లీ మళ్లీ వాడితే అంకె పెరుగుతుంది, చదువు పెరగదు. వారానికి ఒకటి రెండు సరైన మాటలు పెరుగుతుంటే దారిలో ఉన్నట్టు.

గళ్ల కాగితం మీద మొదటి అంకె దగ్గర ఒక చుక్క, ఎనిమిది వారాల తర్వాత చేరాలనుకున్న అంకె దగ్గర ఒక చుక్క పెట్టి గీతతో కలపండి. వరసగా నాలుగు వారాల చుక్కలు ఆ గీత కింద పడితే ఏదో మార్చాలి. ఒక్క వారం పడిందని కంగారుపడకండి, జలుబు చేసినా పడుతుంది.

మార్చాల్సి వస్తే ఈ వరుసలో వెళ్లండి:

1. నోటుబుక్ తీసి నిజంగా ఎన్ని రోజులు జరిగిందో లెక్కపెట్టండి. ఐదు రోజులనుకున్నది రెండున్నర అయి ఉండటం మామూలే.
2. పాఠంలో ఏ భాగం ఎగిరిపోతోందో చూడండి. సాధారణంగా డిక్టేషన్.
3. గుంపు చిన్నది చేయండి, లేదా రోజుకు పది నిమిషాలు పెంచండి.
4. మూడు నాలుగు పాఠాలు వెనక్కి వెళ్లండి.
5. ఇవన్నీ చేసి ఇంకో ఆరు వారాలైనా కదలకపోతే అప్పుడు ప్రోగ్రామ్ మార్చండి.

చాలామంది ఐదోదానితో మొదలుపెడతారు. మూడు ప్రోగ్రాములు మారిన బిడ్డ మూడింటిలోనూ మొదటి పది పాఠాలే చదివి ఉంటుంది.

తరచూ జరిగే తప్పులు

రెండు మూడు ప్రోగ్రాములు కలపడం. ట్యూటర్ ఒకటి, స్కూల్లో మరొకటి, ఇంట్లో ఫోన్‌లో ఇంకొకటి. ఒక్కోదానిలో వరుస వేరు, ఒక్కో శబ్దానికి గుర్తుమాట వేరు. ఒకదాన్ని అసలుగా ఉంచి, మిగతా ఇద్దరికీ మీ పట్టిక జిరాక్స్ ఇవ్వండి. యాప్‌లు కార్డుల సాధనకు బాగానే ఉంటాయి. బిడ్డ నోటి శబ్దం విని అక్కడికక్కడ దిద్దే పని మాత్రం ఎదుటి మనిషి చేయాల్సిందే.

తప్పు చదివితే వెంటనే సరైన మాట చెప్పేయడం. తప్పిన అక్షరం మీద వేలుపెట్టి "ఇది ఏ శబ్దం?" అనండి. మూడు సెకన్లు ఆగండి. రాకపోతే శబ్దం చెప్పి, మాట మొత్తం తననే కలపమనండి, ఆ తర్వాత వాక్యం మొదటినుంచి.

"మౌనంగా రోజూ అరగంట చదువుకో" అని వదిలేయడం. వేగం పెరగడానికి పైకి చదవాలి, పక్కన వినేవాళ్లుండాలి, అదే పేరా మూడు నాలుగు సార్లు రావాలి. కొలతకు కొత్త పేరా, సాధనకు పాత పేరా.

చదవడం వచ్చేదాకా సైన్సు, సోషల్ పాఠాలు ఆపేయడం. అవి చదివి వినిపించండి, ఆడియో పెట్టండి, పరీక్షల్లో అదనపు సమయం అడగండి. ఏడాదిపాటు కథలూ విషయాలూ చెవికి అందని బిడ్డ, చదవడం వచ్చాక అర్థం దగ్గర ఆగిపోతుంది.

సెలవుల తర్వాత ఆపిన పాఠం నుంచే మొదలుపెట్టడం. రెండు వారాలు దాటి విరామం వస్తే ముందు పాత కార్డులన్నీ ఒకసారి తిప్పండి, మూడు సెకన్లు దాటినవి పక్కన పెట్టండి, ఆ శబ్దాలున్న పాఠం ఎంత వెనకుంటే అక్కడికి వెళ్లండి.